నిప్పుకుండ ఆటలో కాలువ నీళ్లు

ఆ ఆట ఎలా ఉంటుందని ఎవరైనా అడిగితే నేను రెక్కల మొసళ్ల గురించి చెప్పను. అవి ఉన్నాయి, బాగానే ఎగురుతాయి. కానీ నాకు ముందు గుర్తొచ్చేది నీడలు, ఆ తర్వాత కాలువ. ఊహలో పుట్టిన దేశంలో కూడా నీడ సూర్యుడిని బట్టే పడాలని, నీళ్లు పల్లానికే పోవాలని పట్టుబట్టిన మనుషులెవరో దాన్ని తయారు చేశారు. వాళ్లెక్కడున్నారో తెలియదు గానీ, వాళ్ల మీద నాకు గౌరవం.

బాన్సువాడలో నాకు మోటార్లు, పైపుల దుకాణం ఉంది. బడి పదో తరగతితో ఆగింది. లెక్క మాత్రం ఆగలేదు. ఎంత లోతు బోరుకు ఎలాంటి మోటారు, ఎంత దూరానికి ఎంత వెడల్పు పైపు అన్నది రైతు చెప్పే రెండు మూడు ముక్కల నుంచి తేల్చి చెప్పడమే నా పని. ఎవరూ కూర్చోబెట్టి నేర్పలేదు. అనుకున్నన్ని నీళ్లు రానప్పుడల్లా ఎందుకు రాలేదో ఆలోచిస్తూ నేర్చుకున్నాను. అలాంటి నేను యాభై దగ్గర పడుతున్న వయసులో ఒక వీడియో గేమ్ ముందు కూర్చోవడానికి కారణం మా బావ కాలు.

నాట్ల కాలంలో ట్రాక్టర్లు పొలంలోంచి నేరుగా రోడ్డెక్కుతాయి. కోటగిరి రోడ్డు మీద అవి వదిలిన బురదకు బావ బండి జారింది. మోకాలి కింద ఎముక విరిగింది. దవాఖానలో పిండికట్టు వేసి, కోతల నాటికి లేస్తావు, అందాకా కాలు కింద పెట్టొద్దన్నారు. బావ హార్వెస్టర్ డ్రైవర్. కోతలు వర్ని దిక్కున మొదలైతే, మిషన్‌తో పాటు కదులుతూ మహారాష్ట్ర లోపలి దాకా పోయే మనిషి. ఆయన్ని మంచం మీద పెడితే అక్క ఇంట్లో అందరికీ కష్టమే. ఫ్యాను తిరిగితే చప్పుడంటాడు, ఆపితే ఉక్కపోతంటాడు.

వాళ్ల కూతురు, అంటే నా మేనకోడలు, నిజామాబాద్‌లో ఒక ఆఫీసులో పని చేస్తుంది. ఆదివారం వచ్చినప్పుడు తన ఆటపెట్టె తెచ్చి టీవీకి తగిలించింది.

"నాన్నా, గిది ఆడు. అమ్మకు జర శాంతి దొరుకుతది."

"పోరగాండ్ల ఆటలు నాకెందుకు బిడ్డా?"

"దీన్ల మస్తు పెద్ద కథ ఉంటది. నేను చలికాలం మొదలుపెడితే ఎండలు ముదిరినంక అయిపోయింది."

"గంతసేపు ఏం చేస్తరు అండ్ల?"

"నడుస్తరు."

"నడుస్తరా? నేను ఈడ మంచంల పడి ఉంటే నాకు నడిచే ఆట తెచ్చినవా?" అని బావ కోపపడబోయి నవ్వేశాడు. ఆ నవ్వుతోనే ఆట మొదలైంది.

బావకు ఇంగ్లీషు రాదు. నాకు మోటార్లతో వచ్చే పుస్తకాలు చదివి వచ్చినంత వచ్చు. అందుకని పని పంచుకున్నాం. మధ్యాహ్నం దుకాణం మూసి నేను అక్క ఇంటికి పోయేవాణ్ణి. ఆట నడిపే మీటలు బావ చేతిలో, తెర మీది మాటలు నా నోట్లో. హార్వెస్టర్ మీటలకు అలవాటు పడ్డ చేతులు కాబట్టి బావకు అది తొందరగానే పట్టుబడింది. ఆటలో పిల్ల ఎక్కే గుర్రాన్ని మాత్రం మరాఠీలో "చల్ రే, చల్" అని అదిలించేవాడు. ఆ గుర్రానికి ఏ భాషా రాదని ఎన్నిసార్లు చెప్పినా వినలేదు.

కథ చిన్నదే. కొండ మీద ఉండే నిప్పు ఆరిపోతే దేశమంతా మెల్లగా చీకటవుతుంటుంది. ఒక పిల్ల కుండలో నిప్పు పెట్టుకొని ఆ కొండకు బయలుదేరుతుంది. దారి పొడుగునా ఆ నిప్పును కాపాడుకోవాలి. అంతే. కానీ ఆ దారి ఎంత పొడుగంటే, మధ్యలో అడవులున్నాయి, చిత్తడి నేలలున్నాయి, మాట్లాడే బండలున్నాయి, వాటికో కోపం, వాటికో హాస్యం ఉన్నాయి. ఒక్క ఊరు ఇంకో ఊరిలా ఉండదు. ఇళ్లు వేరు, తిండి వేరు, బావి గిలక చప్పుడు కూడా వేరు.

మొదట్లోనే పిల్లకు ఒక తోడు దొరుకుతాడు. పొట్టేలు కొమ్ములున్న ముసలి మోతగాడు. తలుపు కంటే ఎత్తు మనిషి. మొదటిసారి కనిపించినప్పుడే బురదలో దిగబడ్డ బండిని ఒంటి చేత్తో పైకి లేపాడు.

"వారెవ్వా!" అని బావ మంచం మీద లేచి కూర్చోబోయి, కాలు గుర్తొచ్చి మళ్లీ వాలాడు. "నేను పడ్డనాడు గీయన ఉండాల్సుండె, బామ్మర్దీ."

ఆనాటి నుంచి ఆయన మాకు చిన్నాయన వరసలో కాక అయ్యాడు. ఆట తెరవగానే బావ "నమస్తే కాకా" అనేవాడు. సామానంతా కాకే మోసేవాడు. పిల్ల అలిసిపోతే పిల్లను కూడా మోసేవాడు. మంచం దిగి నీళ్లు కూడా తెచ్చుకోలేని బావకు ఆ మోత చూడడంలో ఏదో ఉండేది. రాత్రి బసలో కాక నిప్పు పక్కన కూర్చొని తన ఊరి రొట్టె గురించి, పిండి గురించి ఏదో చెప్పేవాడు. నేను చదవబోతే బావ మీట నొక్కి ముందుకు పోయేవాడు. "రొట్టె ముచ్చట తర్వాత చూద్దాం, ముందు మొసలి సంగతి చూడు" అని.

నాకు ఆ ఆట మీద గౌరవం పుట్టింది ఒక బురుజు దగ్గర. మెట్లు కూలిపోయిన బురుజు. దాని పైకి తాడు వేయాలి. తాడు పొట్టిదైతే అందదు, మరీ పొడుగైతే బరువుకు మధ్యలోనే జారిపోతుంది. ఎంత కోయాలో ఎక్కడా చెప్పరు. సాయంత్రం ఎండ ఏటవాలుగా పడుతోంది. నేను కాక చేతికర్రను నేలకు నిలబెట్టించాను. దాని నీడ కర్రకు ఒకటిన్నర రెట్లుంది. అయితే బురుజు నీడ కూడా బురుజుకు ఒకటిన్నర రెట్లే ఉండాలి. ఇగ కర్రను నేల మీద పడుకోబెట్టుకుంటూ బురుజు నీడ పొడుగునా కొలిపించాను.

"బురుజును కొలుస్తున్నవా, పీనుగును కొలుస్తున్నవా?" అన్నాడు బావ.

"నువ్వు పెట్టు. మాట్లాడకు."

"పైపుల దుకాణపాయనను తోలుకొచ్చుకుంటే గిట్లనే ఉంటది. ఆటల గూడ కొలతలే."

లెక్క ప్రకారం కోసిన తాడు బురుజు అంచుకు వెళ్లి తగులుకుంది. బావ నావైపు చూసి, కాకకు చెప్పినట్టే నాకూ నమస్తే పెట్టాడు. నాకు మాత్రం మరునాడంతా దుకాణంలో అదే ఆలోచన. ఎవరో ఒకరు ఇలా కొలుస్తారని ముందే అనుకొని, ఆ నీడను సరిగ్గా వేసి పెట్టారు. కొలవని వాడికి ఆ శ్రమ కనిపించనే కనిపించదు. అయినా పెట్టారు.

లోపాలు లేవని అనను. ఆ దేశంలో గుర్రానికి ఎవరూ గడ్డి వేయరు. పుట్టగొడుగులు ఏరుకు రమ్మని ప్రతి ఊళ్లో ఎవరో ఒకరు అడుగుతారు, ఆ పుట్టగొడుగులతో వాళ్లేం చేసుకుంటారో తెలియదు. పెద్ద మొసలితో యుద్ధం సాగినంత సేపు సాగి విసుగు పుట్టిస్తుంది. అంత శ్రద్ధగా నీడలు వేసిన వాళ్లు గడ్డి ఎలా మరిచిపోయారని నాకు ఇప్పటికీ అర్థం కాదు.

ఇక కాలువ సంగతి.

కొండ ఇంకా దూరంగా ఉండగానే ఒక ఊరు వస్తుంది. కాలువ చివరి ఊరు. మడులు నెర్రెలు విచ్చి ఉన్నాయి. ఒక ఆడమనిషి ఖాళీ బిందె పట్టుకొని, కాలువలో నీళ్లు మా దాకా రావడం లేదు, పైకి పోయి చూడమంటుంది. ఆ మాట చదువుతుంటేనే నాకు ఒళ్లు మండింది. మా పొలం కూడా నిజాంసాగర్ పిల్లకాలువ ఒకదాని చివర్లోనే. పైవాళ్లు తూము తెరిచి పెట్టుకుంటే మా మడి దాకా తడి కూడా రాని ఏళ్లు చూశాను. కాలువ వెంట పైకి పోయాం. ఒకచోట పెద్ద రాతి గేటు బార్లా తెరిచి ఉంది. నీళ్లన్నీ పక్క కాలువలోకి పోయి, ఒక చక్రాన్ని తిప్పి, దిగువన ఇసుకలో ఇంకిపోతున్నాయి. ఒక్క మడి లేదు, ఒక్క మొక్క లేదు.

"చూసినవా బావా, ఉత్తగ పోతున్నయి నీళ్లు."

"గా చక్రం ఏంది?"

"అందానికి పెట్టిండ్రు."

మా దిక్కున నీళ్లతో తిరిగే చక్రాన్ని మేమిద్దరమూ ఎన్నడూ చూడలేదు. మా లెక్కలో నీళ్లంటే మడికే. చివరి వాళ్ల గొంతు ముందు తడవాలన్నది మాకు చిన్నప్పటి నుంచి తెలిసిన న్యాయం. బావ గేటు దించేశాడు. నీళ్లు కిందికి మళ్లాయి. మేము కాలువ గట్టు వెంట నీళ్లతో పాటే నడిచి ఊరు చేరేసరికి అక్కడ డప్పులు మోగుతున్నాయి. అక్కను కూడా పిలిచి చూపించాం.

ఆ రాత్రి బసలో కాక నిప్పు దగ్గర కూర్చోలేదు. నిలబడే ఒక మాట అన్నాడు. ఈసారి బావ మీట నొక్కలేదు.

"ఏమన్నడు?"

నేను మెల్లగా చదివి చెప్పాను. "మా ఊళ్లో గింజలు ఇప్పుడు గింజలుగనే ఉంటయి అంటుండు."

"అంటే?"

అర్థమయ్యేసరికి కొంచెం సేపు పట్టింది. ఆ చక్రం తిరుగలిది. ఆ పక్క కాలువ మీద, చక్రం వెనక గుట్ట చాటున, మేము చూడకుండా వచ్చింది కాక ఊరు. నీళ్లు ఆగితే తిరుగలి ఆగింది, తిరుగలి ఆగితే పిండి లేదు. బస బసకూ ఆయన చెప్పిన రొట్టె ముచ్చట అదే. ఆటలో తెల్లారి చూస్తే మూట మా దగ్గరే ఉంది. కాక లేడు. ఆయన తన కర్ర తప్ప ఏమీ తీసుకుపోలేదు.

ఆ ఆటలో చేసినదాన్ని చెరిపి వెనక్కి పోవడం కుదరదు. బావ చేతిలోది పక్కన పెట్టేశాడు. మరునాడు నేను పోతే టీవీ కూడా పెట్టలేదు. ఆ మరునాడూ అంతే. మళ్లీ ఫ్యాను మీద కోపం మొదలైంది.

"కాక లేకుంట నేను కొండెక్క. నువ్వు ఎక్కుతే ఎక్కు పో" అన్నాడు.

"బొమ్మ మనిషి కోసం గింత అలుగుడా!" అంది అక్క, వెల్లుల్లి ఒలుస్తూ.

"బొమ్మో గిమ్మో. ఇన్ని దినాలు మన మూట మోసిండు గద. ఆయన ఊరి పిండి బంద్ జేస్తిమి."

ఆదివారం మేనకోడలు వచ్చి విన్నది. నవ్వుతుందనుకున్నాం, నవ్వలేదు. "నేను ఉల్టా చేసిన మామా. కింది ఊరిని ఒదిలేసిన. గేటు ముట్టలేదు. కాక ఆఖరు దాక నాతోనే ఉన్నడు. గానీ మళ్ల వచ్చేటప్పుడు ఆ బిందె ఆమె ఇంటికి తాళం ఉండె." సంచి కింద పెట్టి, "గంతే మామా, రెండిట్ల ఒకటే" అంది.

ఆ మాట నాకు మింగుడు పడలేదు. నీడను అంత బాగా వేసిన వాళ్లు నీళ్లను ఇంత మొరటుగా వదిలేస్తారా? బావను బతిమాలి ఆట తెరిపించి, గేటు ఒకసారి ఎత్తించి, ఒకసారి దించమని, కాలువను మళ్లీ ఈ చివర నుంచి ఆ చివర దాకా చూశాను. ఎండిన మడి నీళ్లు తాగితే నల్లబడుతుంది. నీళ్లు ఆపితే వెంటనే తెల్లబడదు, రంగు మెల్లగా మారుతుంది. అంటే తడి కొంతకాలం నిలుస్తుంది. అటు తిరుగలి ఒక దినం తిరిగితే వచ్చే పిండి ఆ ఊరికి ఒక దినానికి మించే సరిపోతుంది. గంపలు నిండి బయట వరుసగా పెట్టి ఉన్నాయి. గేటును సగంలో ఆపుదామని చూశాం, ఆగలేదు. తెరిస్తే పూర్తిగా, మూస్తే పూర్తిగా. కాబట్టి నీళ్లను పంచలేం గానీ రోజులను పంచొచ్చు.

"బావా, వంతులు పెడదాం."

"ఏం వంతులు?"

"మన కాలువ మీద పెట్టరా? ఇయ్యాల మీకు, రేపు మాకు. గట్ల."

బావ ముఖం మారింది. మిషన్ ఎక్కేటప్పటి ముఖం అది. గేటు ఎత్తాడు, తిరుగలి తిరిగింది. బసలో పడుకొని లేచి గేటు దించాడు, మడి నల్లబడింది. మళ్లీ ఎత్తాడు. ఇలా కొన్ని వంతులు గడిచేసరికి ఆటలో అంతవరకు లేని పని జరిగింది. రెండు ఊళ్ల వాళ్లూ గేటు దగ్గరికి వచ్చి నిలబడడం మొదలుపెట్టారు. మొదట ఎడంగా, తర్వాత పక్క పక్కన. బిందె ఆడమనిషి తిరుగలి ఊరి వాళ్లకు ఏదో కూర పంచుతోంది. ఇది ముందే ఆలోచించి పెట్టారు. ఎవరో నాలాంటి వాడు వస్తాడని, వచ్చి ఇలా చేస్తాడని కూడా అనుకొని పెట్టారు. నా కళ్లు తడిశాయని అక్క తర్వాత బావతో చెప్పి నవ్విందట. తడిశాయి, నిజమే.

కానీ కొండ దారి పట్టి కొంత దూరం పోయి తిరిగి చూస్తే, గేటు మేము వదిలినట్టే ఉంది. మడి తెల్లబడుతోంది.

"లస్కర్ ఏడి?" అన్నాడు బావ. "గేటు కాడ మనిషి లేకుంటే వంతులెట్ల నడుస్తయి, బామ్మర్దీ? మనం పోంగనే అంతే గద."

వెనక్కి పోయాం. గేటు పక్కన రాతి మీద కాక కూర్చొని ఉన్నాడు. బావ మంచం మీద లేచి కూర్చున్నాడు. కాక అడిగింది నేను చదివాను. "మీరు పోయినాక దీన్ని ఎవరు తిప్పుతరు?" కింద రెండు జవాబులున్నాయి. మాతో రా అని ఒకటి. నువ్విక్కడ ఉండు అని ఇంకొకటి.

బావ నావైపు తిరిగాడు. ఇన్ని రోజులు ఎదురుచూసింది ఆయన కోసమే. మొదటి జవాబు నొక్కితే కాక లేచి మూట ఎత్తుకుంటాడు. ముందున్నది మంచు కొండ, ఒంటరిగా ఎక్కడం కష్టమని మేనకోడలు ముందే చెప్పింది.

"నువ్వు చెప్పు" అన్నాడు నాతో.

"లెక్కయితే నేను చెప్పిన. ఇది నాది కాదు."

అక్క వంటింటి గడపలోంచి చూస్తోంది. "గా ముసలాయనను ఇంక ఎంత దూరం మోపిస్తరు? ఆయన ఊరు ఆయనకు దొరికింది. మీ మూట మీరు మొయ్యుండ్రి" అంది.

బావ అక్క వైపు చూశాడు. తన కట్టు వైపు చూశాడు. "మోస్తం తియ్" అని రెండో జవాబు నొక్కాడు. కాక లేచి, తన చేతికర్రను పిల్లకు ఇచ్చి, గేటు మీద చెయ్యి వేసి నిలబడ్డాడు. ఒక్క మాట కూడా అనలేదు. ఆ ఆటలో ఎన్నో మాటలున్నాయి గానీ, అక్కడ ఏమీ పెట్టకపోవడమే నాకు అన్నిటికంటే నచ్చింది.

తర్వాతి దారి కష్టమే, గుర్రం మంచు ఎక్కదు. పిల్ల మోయగలిగినంతే మోయాలి కాబట్టి వండుకునే గిన్నె వదిలేశాం, దుప్పటి వదిలేశాం, ఇష్టపడి దాచుకున్న మొసలి రెక్క వదిలేశాం. నిప్పుకుండ, కర్ర మిగిలాయి. మంచులో పిల్ల పడిపోతే లేపడానికి ఎవరూ లేరు. బావ కాలికి కట్టు విప్పారు, చంకలో కర్రతో ఇంట్లో నడవడం మొదలుపెట్టాడు. ఆట మాత్రం ఇంకా సాగుతూనే ఉంది. వర్ని దిక్కున కోతలు మొదలవుతున్నాయని మిషన్ యజమాని ఫోన్ చేశాక, ఇక ఆగకుండా కూర్చున్నాం.

కొండ మీద పిల్ల నిప్పు వెలిగించింది. దేశమంతా వెలుతురు పరుచుకుంది. సంగీతం పెద్దదైంది. ఆ ఆట ఆడిన వాళ్లంతా ఆ నిప్పు గురించే చెబుతారట. బావ నిప్పును చూడలేదు. పిల్లను వెనక్కి తిప్పి, కిందికి చూపు దించి, మెల్లగా వెతికాడు. అడవి, చిత్తడి, బురుజు. ఆ తర్వాత సన్నని గీత, అది కాలువ. దాని చివర ఒక ఆకుపచ్చ ముక్క. పైన, గేటు ఉండాల్సిన చోట, ఒక చుక్క.

"ఆయనేనా?" అన్నాడు.

నేను లేచి టీవీ దగ్గరికి పోయి చూశాను. అది మనిషో బండో చెప్పలేం. బురుజు ఎత్తు మాకు తెలుసు, మేము కొలిచిందే. బురుజు ఆ దూరానికి ఎంత కనిపిస్తోందో చూశాను. కాలువ అంతకంటే ఎంత దూరమో నడిచినవాళ్లం కాబట్టి అదీ తెలుసు. తలుపు కంటే ఎత్తు మనిషి అక్కడ నిలబడితే ఇక్కడికి ఎంత కనిపించాలో మనసులో కట్టుకున్నాను.

"దూరం లెక్క చూస్తే గంతనే కనపడాలె" అన్నాను.

"నమస్తే కాకా" అన్నాడు బావ. అని మీట పక్కన పెట్టి, చంకకర్ర అందుకొని, మిషన్ తాళాలు ఎక్కడ పెట్టావని అక్కను అడిగాడు.